పాత డిస్క్, కొత్త ల్యాప్‌టాప్: ఏది మార్చాలి, ఏది దాచాలి

పాత ల్యాప్‌టాప్‌లోని హార్డ్ డిస్క్ ఊడదీసి కొత్తదాంట్లో బిగిస్తే పనైపోతుందా? ఆక్లాండ్‌లో శాండ్రింగ్‌హామ్ నుంచి పాపటోయిటోయి దాకా తెలుగువాళ్ళ ఇళ్ళల్లో ఈ ప్రశ్న ఈమధ్య తరచుగా వినిపిస్తోంది. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ 2025 అక్టోబర్ 14తో మద్దతు ఆపేసింది. అదనపు భద్రతా అప్‌డేట్ల కోసం నమోదు చేసుకున్న మామూలు వాడకందార్లకు 2026 అక్టోబర్ 13 దాకా గడువిచ్చింది. విండోస్ 11 వేసుకోవాలంటే టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పు ఉండాలి, ఇంటెల్ ప్రాసెసర్ అయితే దాదాపుగా ఎనిమిదో తరం నుంచే ఒప్పుకుంటుంది. ఆ తరం వచ్చింది 2017లో. అంతకు ముందరి యంత్రం ఎంత చక్కగా నడుస్తున్నా దాని యజమాని కొత్తది కొనక తప్పని పరిస్థితిలో పడ్డాడు. చదువుకు బయల్దేరే ముందు సికింద్రాబాద్‌లోని సీటీసీ కంప్యూటర్ బజారులో కొని ఇక్కడికి మోసుకొచ్చిన పాత ల్యాప్‌టాప్‌లదీ అదే గతి.

వాటిలో ఉన్నవి మామూలు ఫైళ్ళు కావు. ఇంటర్ మార్కుల మెమో, డిగ్రీ పట్టా, వీసా కాగితాల స్కాన్లు, పెళ్ళి ఫొటోలు, అమ్మమ్మ పాట పాడుతుంటే తీసిన వీడియో. కొన్నింటికి మళ్ళీ నకలు తెచ్చుకోవచ్చు. కొన్నింటికి ఈ లోకంలో ఇంకో ప్రతి లేదు.

అందుకే నా అభిప్రాయం ముందే చెబుతాను. పాత డిస్క్‌తో కొత్త యంత్రాన్ని నడపాలన్న ఆలోచన దాదాపుగా మానుకోవలసిందే. పాత డిస్క్‌లో ఒక్క అక్షరం మార్చకుండా నకలు తీసుకోవాలి. ఆ నకలును కొత్తచోట తెరిచి చూసుకున్నాకే డిస్క్ సంగతి తేల్చాలి.

నాలుగు దారులు

‘డిస్క్ మార్చడం’ అని అందరూ ఒకే మాట వాడినా చేసే పనులు నాలుగు రకాలు. మొదటిది, పాత డిస్క్‌ను కొత్త ల్యాప్‌టాప్‌లో బిగించి, అందులోని విండోస్‌తోనే యంత్రాన్ని నడపడం. రెండోది, కొత్త యంత్రాన్ని దాని విండోస్‌తోనే ఉంచి, పాత డిస్క్‌ను లోపల రెండో డిస్క్‌గానో, యూఎస్‌బీ డబ్బాలో పెట్టి బయటి డిస్క్‌గానో వాడుకోవడం. మూడోది, పాత డిస్క్ మొత్తాన్ని ఉన్నదున్నట్టు కొత్త ఎస్‌ఎస్‌డీ మీదికి క్లోన్ చేయడం. నాలుగోది, కొత్త యంత్రంలో అన్నీ మొదటి నుంచి వేసుకుని, మన ఫైళ్ళు మాత్రం తెచ్చుకోవడం.

మొదటిదారి చవక, కానీ ప్రమాదం ఎక్కువ. నాలుగోదానికి ఓపిక కావాలి, అయితే చిక్కులు తక్కువ. మధ్యలో రెండూ అవసరాన్ని బట్టి పనికొస్తాయి.

పట్టడం అనే మొదటి గండం

2.5 అంగుళాల ల్యాప్‌టాప్ డిస్క్‌లు 1988లో పుట్టాయి. ప్రెయిరీటెక్ అనే కంపెనీ తెచ్చిన మొదటిదాంట్లో పట్టింది 20 మెగాబైట్లు. ఆ సైజు దాదాపు పాతికేళ్ళు ఏలింది. లోపలి తీగల సంబంధం మాత్రం మారుతూ వచ్చింది. మొదట్లో వాటికి 44 పిన్నుల ఐడీఈ కనెక్టర్ ఉండేది, తర్వాత సాటా వచ్చింది. పాత ఐడీఈ డిస్క్ ఈనాటి ఏ ల్యాప్‌టాప్‌లోనూ పట్టదు. దానికి విడిగా ఒక యూఎస్‌బీ అడాప్టర్ వెతుక్కోవాల్సిందే.

సాటా డిస్క్ తీయడం కష్టమైన పనేం కాదు. ల్యాప్‌టాప్ పూర్తిగా ఆపి, చార్జర్ లాగేసి, అడుగు మూత విప్పాక ముందుగా బ్యాటరీ కనెక్టర్ వేరు చేయాలి. డిస్క్ ఒక రేకు ఫ్రేములో కూర్చుని ఉంటుంది. ఫ్రేము స్క్రూలు తీశాక డిస్క్‌ను పైకి లేపకూడదు, కనెక్టర్‌కు ఎదురువైపుకు నెమ్మదిగా జరపాలి. అంచున రెండు నల్లటి నాలుకలు కనిపిస్తాయి. చిన్నదాని మీద ఏడు పిన్నులు సమాచారానికి, పెద్దదాని మీద పదిహేను కరెంటుకు. ఆ నాలుకలు ప్లాస్టిక్కువి, వంచితే విరుగుతాయి. ఫ్రేమునూ దాని స్క్రూలనూ పారేయొద్దు, ఆ కొలత స్క్రూలు విడిగా దొరకడం కష్టం.

మందం కూడా చూసుకోవాలి. పాత డిస్క్‌లు ఎక్కువగా 9.5 మిల్లీమీటర్లు, తర్వాతి సన్నని ల్యాప్‌టాప్‌లలో గది 7 మిల్లీమీటర్లకే సరిపోతుంది. కొన్ని మోడళ్ళలో డిస్క్ గది ఖాళీగా ఉంటుంది కానీ మదర్‌బోర్డుకు కలిపే రిబ్బన్ కేబుల్ పెట్టెలో రాదు. ఇవాళ అమ్ముతున్న ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి అసలా గదే లేదు. ఉన్నది ఎం.2 స్లాట్. 22 మిల్లీమీటర్ల వెడల్పు, 80 మిల్లీమీటర్ల పొడవుండే చిన్న పలక అందులో కూర్చుంటుంది. ఇక్కడా ఒక మెలిక ఉంది. చూడ్డానికి ఒకేలా ఉన్న ఎం.2 పలకల్లో కొన్ని సాటా భాష మాట్లాడతాయి, కొన్ని ఎన్‌వీఎమ్‌ఈ. ఎన్‌వీఎమ్‌ఈ మాత్రమే తెలిసిన స్లాట్‌లో సాటా పలక పెడితే యంత్రానికి డిస్కే కనిపించదు. కొనే ముందు మోడల్ నంబరుతో సర్వీస్ మాన్యువల్ వెతికి చూసుకోవడం ఒక్కటే నమ్మదగిన దారి.

ఆపిల్ ల్యాప్‌టాప్‌లలో ఈ చర్చకు తావే లేదు. 2016లో టచ్ బార్‌తో వచ్చిన మ్యాక్‌బుక్ ప్రో నుంచి నిల్వ చిప్పులు బోర్డుకే అతికించి వస్తున్నాయి. 2018 నుంచి టీ2 చిప్పు, 2020 నుంచి ఆపిల్ సొంత ప్రాసెసర్లు ఆ సమాచారానికి తాళం వేసి, తాళంచెవిని తమలోనే ఉంచుకుంటున్నాయి. బోర్డు చచ్చిపోతే ఫొటోలూ పోతాయి. వాటికి మైగ్రేషన్ అసిస్టెంట్, టైమ్ మెషిన్ బ్యాకప్ తప్ప వేరే దారి లేదు.

బిగిసినా లేవకపోవచ్చు

డిస్క్ సరిగ్గా పట్టినా విండోస్ లేవడానికి మూడు అడ్డంకులున్నాయి. ఒకటి, యంత్రం లేచే పద్ధతి. పాతవి బయోస్‌తో లేచేవి, డిస్క్ విభజన ఎంబీఆర్ పద్ధతిలో ఉండేది. కొత్తవి యూఈఎఫ్‌ఐతో లేస్తాయి, జీపీటీ పద్ధతి అడుగుతాయి. ఎంబీఆర్ డిస్క్‌ను చెరపకుండానే జీపీటీకి మార్చే పనిముట్టును మైక్రోసాఫ్ట్ 2017 నాటి విండోస్ 10 వెర్షన్‌తో ఇచ్చింది. కానీ బ్యాకప్ లేని డిస్క్ మీద ఆ ప్రయోగం చేయమని ఎవరికీ చెప్పలేను.

రెండు, డ్రైవర్లు. విండోస్ 7 డిస్క్‌ను వేరే యంత్రంలో పెడితే 0x7బి అనే నీలి తెర ఎదురవడం మామూలే. డిస్క్‌ను పలకరించే డ్రైవరే కొత్త బోర్డుకు సరిపోదు. విండోస్ 10, 11 ఈ విషయంలో మెరుగు, చాలాసార్లు కొత్త పరికరాలను గుర్తుపట్టి లేస్తాయి. లేచినంత మాత్రాన పాత టచ్‌ప్యాడ్, గ్రాఫిక్స్, సౌండ్ డ్రైవర్ల పెంట వదలదు. రోజులు గడిచేకొద్దీ తెలియని తిప్పలు బయటపడతాయి. లైనక్స్‌లో ఈ బాధ బాగా తక్కువ. డ్రైవర్లు చాలావరకు కెర్నెల్‌తోనే వస్తాయి కాబట్టి డిస్క్ మార్చినా ఎక్కువసార్లు సాఫీగా లేస్తుంది.

మూడు, లైసెన్సు. ల్యాప్‌టాప్‌తో పాటు వచ్చిన విండోస్ ఆ మదర్‌బోర్డుకే చెందుతుంది, డిస్క్‌తో పాటు నడిచి రాదు. విడిగా కొన్న రిటైల్ లైసెన్సును మాత్రం మార్చుకోవచ్చు. అయితే కొత్త ల్యాప్‌టాప్‌లో దాని సొంత కీ బోర్డులోనే దాగి ఉంటుంది. అదే ఎడిషన్ వేస్తే తనంతట తానే యాక్టివేట్ అవుతుంది. పాతది ప్రో, కొత్తది హోమ్ అయితే చిక్కు.

పాత హార్డ్ డిస్క్ సెకనుకు 100 మెగాబైట్ల చుట్టుపక్కల చదువుతుంది. సాటా ఎస్‌ఎస్‌డీ 500 దాటుతుంది, మూడో తరం పీసీఐఈ ఎన్‌వీఎమ్‌ఈ 3,500 దాకా పోతుంది. కొత్త ల్యాప్‌టాప్‌లో పాత హార్డ్ డిస్క్‌తో విండోస్ నడిపితే, పెట్టిన డబ్బులో సగం సుఖం కూడా దక్కదు.

తాళంచెవి ఎవరి దగ్గరుంది

అన్నిటికంటే ఎక్కువమందిని ఏడిపించేది విండోస్ డిస్క్‌కు వేసే తాళం, బిట్‌లాకర్. మైక్రోసాఫ్ట్ ఖాతాతో సైన్ ఇన్ అయిన చాలా ల్యాప్‌టాప్‌లలో డిస్క్ ఎన్‌క్రిప్షన్ మనకు తెలియకుండానే మొదలవుతుంది. విండోస్ 11 24హెచ్2 నుంచి కొత్తగా వేసిన యంత్రాల్లో ఇది మరీ మామూలైంది. ఆ డిస్క్ సొంత ల్యాప్‌టాప్‌లో ఉన్నంతకాలం టీపీఎం చిప్పు తాళం తీస్తుంటుంది. ఇంకో యంత్రానికి తగిలించిన మరుక్షణం 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. ఆ కీ లేకపోతే ఆ డిస్క్‌ను ఏ రికవరీ నిపుణుడూ తెరవలేడు.

కాబట్టి స్క్రూడ్రైవర్ పట్టుకునే ముందు, పాత ల్యాప్‌టాప్ ఇంకా లేస్తుండగానే, మైక్రోసాఫ్ట్ ఖాతాలో రికవరీ కీ ఉందో లేదో చూసి కాగితం మీద రాసుకోవాలి. ఆఫీసు ఇచ్చిన ల్యాప్‌టాప్ అయితే కీ కంపెనీ దగ్గర ఉంటుంది, సమాచారం కూడా కంపెనీదే. దాన్ని విప్పే ఆలోచనే వద్దు.

బ్రౌజర్‌లో దాచుకున్న పాస్‌వర్డుల సంగతీ ఇలాంటిదే. విండోస్ లాగిన్‌తో ముడివేసి వాటికి తాళం వేస్తారు. ఫోల్డర్ కాపీ చేసుకున్నంత మాత్రాన కొత్త యంత్రంలో తెరుచుకోవు. పాత యంత్రంలో ఉండగానే ఖాతాకు సింక్ చేయాలి, లేదా ఎగుమతి చేసుకోవాలి.

నకలు తీసే క్రమం

డిస్క్ ఆరోగ్యంగా ఉందా అన్నది మొదట చూడాలి. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో లాంటి ఉచిత పనిముట్టు డిస్క్ తన గురించి తాను రాసుకునే స్మార్ట్ వివరాలు చూపిస్తుంది. చెడిపోయిన సెక్టార్ల లెక్క పెరుగుతోందంటే, డిస్క్ టకటకమని కొట్టుకుంటోందంటే, ఇక దానిమీద విండోస్ నడపకూడదు. జీఎన్‌యూ డీడీరెస్క్యూ లాంటి పనిముట్టు ముందు బాగున్న భాగాలన్నీ లాగి, పాడైనవాటిని చివర్లో మళ్ళీ ప్రయత్నిస్తుంది. ఫ్రీజర్‌లో పెడితే బాగవుతుందన్న మాట నమ్మొద్దు. లోపల తేమ చేరి ఉన్నది కూడా పోతుంది.

ఆరోగ్యంగా ఉంటే డిస్క్‌ను యూఎస్‌బీ డబ్బాలో పెట్టి కొత్త యంత్రానికి తగిలించడం మేలు. 500 జీబీ డిస్క్ నిండా ఉంటే సెకనుకు 100 మెగాబైట్ల చొప్పున గంటన్నరలో అయిపోతుంది. అదే పాత యూఎస్‌బీ 2.0 పోర్టుకు తగిలిస్తే నాలుగు గంటలు పట్టొచ్చు. పాత యూజర్ ఫోల్డర్ తెరిస్తే అనుమతి లేదని విండోస్ అంటుంది, కొనసాగించు నొక్కి కాసేపు ఆగితే తెరుచుకుంటుంది. డాక్యుమెంట్లు, ఫొటోలు తీసుకుని తృప్తి పడకూడదు. డెస్క్‌టాప్, డౌన్‌లోడ్స్, దాచి ఉంచే యాప్‌డేటా, అవుట్‌లుక్ మెయిల్ ఫైళ్ళు, సీ డ్రైవ్‌లో విడిగా చేసుకున్న ఫోల్డర్లు కూడా వెతకాలి. చిన్న వ్యాపారులు ట్యాలీ డేటా ఫోల్డర్ మరిచిపోవద్దు. న్యూజిలాండ్‌లో వ్యాపార పన్ను రికార్డులు కనీసం ఏడేళ్ళు ఉంచాలన్నది నియమం.

క్లోన్ చేయాల్సిన అవసరం నిజంగా ఉంటే, అంటే మళ్ళీ వేయలేని సాఫ్ట్‌వేర్ ఏదైనా ఉంటే, క్లోన్‌జిల్లా, రెస్క్యూజిల్లా ఉచితంగా దొరుకుతాయి. ఒకప్పుడు అందరూ చెప్పిన మాక్రియం రిఫ్లెక్ట్ ఉచిత ప్రతికి కంపెనీ మద్దతు ఆపేసింది. క్లోన్ చేసేటప్పుడు జరిగే ఘోరం ఒక్కటే, మూలం ఏదో గమ్యం ఏదో తారుమారవడం. ఖాళీ డిస్క్ వచ్చి నిండు డిస్క్ మీద రాసుకుపోతుంది. మోడల్ పేరు, సైజు రెండూ చదివాకే సరే అనాలి.

తెలుగు ఫైళ్ళ ప్రత్యేక బాధ

డిస్క్ మార్పిడి గురించి ఇంగ్లిష్‌లో రాసినవి సాధారణంగా ఈ సంగతి చెప్పవు. మనవాళ్ళ పాత డిస్క్‌లలో అను స్క్రిప్ట్, శ్రీలిపి, ఐలీప్‌లో కొట్టిన తెలుగు ఫైళ్ళు ఇంకా ఉన్నాయి. పెళ్ళి శుభలేఖలు, తాతగారి ఆత్మకథ, తెలుగు సంఘాల ఉగాది సంచికలు, నాటక ప్రతులు. అవి యూనికోడ్‌లో రాసినవి కావు. ఇంగ్లిష్ అక్షరాల స్థానాల్లో తెలుగు బొమ్మలు పెట్టి చూపించిన ఫాంట్లు అవి. ఫైలు చెక్కుచెదరకుండా వచ్చినా, ఆ ఫాంట్ కొత్త యంత్రంలో లేకపోతే తెర మీద కనిపించేది అర్థంలేని రోమన్ అక్షరాల గుంపు. ఫైలు పాడైందనుకుని చెరిపేసినవాళ్ళూ ఉంటారు.

యూనికోడ్‌లో తెలుగుకు 1991 నుంచే చోటుంది. విండోస్ ఎక్స్‌పీ 2001లో గౌతమి ఫాంట్‌తో తెలుగును చూపించగలిగింది. అయినా అచ్చు రంగం చాలాకాలం అను ఫాంట్లు, పేజ్‌మేకర్‌ల మీదే నడిచింది. పేజ్‌మేకర్ చివరి పెద్ద వెర్షన్ 7.0 కూడా 2001లోనే వచ్చింది. అంటే ఆ ఫైళ్ళు తెరిచే సాఫ్ట్‌వేర్‌కే వయసైపోయింది.

అందుకే పాత యంత్రం లేస్తుండగానే మూడు పనులు చేయాలి. విండోస్ ఫాంట్స్ ఫోల్డర్‌లోని తెలుగు ఫాంట్లన్నీ విడిగా కాపీ చేసుకోవాలి. ప్రతి ముఖ్యమైన ఫైలునూ ఫాంట్ ఇమిడి ఉండేలా పీడీఎఫ్‌గా తీయాలి. తర్వాత కన్వర్టర్‌తో పాఠాన్ని యూనికోడ్‌లోకి మార్చుకుని పీడీఎఫ్‌తో పక్కపక్కన పెట్టి దిద్దుకోవాలి. ఒత్తులు, సున్నాలు, ఋత్వాలు తారుమారవడం మామూలే కాబట్టి మనిషి చదవక తప్పదు. ఈ ఒక్క పని కోసమైనా పాత ల్యాప్‌టాప్‌ను తొందరపడి విప్పకూడదంటాను.

ఈ దేశంలో చట్టం, సదుపాయం

న్యూజిలాండ్‌లో 1993 నాటి వినియోగదారుల హామీల చట్టం వస్తువుకు తగినంత కాలం మరమ్మతు సదుపాయం, విడిభాగాలు అందుబాటులో ఉండాలంటుంది. కానీ అవి దొరకవని కొనేటప్పుడే తెలియజేస్తే తయారీదారుకు తప్పించుకునే వీలు కూడా అదే చట్టంలో ఉంది. గ్రీన్ పార్టీ సహనేత మరామా డేవిడ్‌సన్ పేరున వచ్చిన మరమ్మతు హక్కు బిల్లు గురి పెట్టింది ఆ సందు మీదే. నిల్వ చిప్పును బోర్డుకు అతికించి అమ్మే ధోరణిని చూస్తే ఆ సందు మూయడం ఎంత అవసరమో తెలుస్తుంది. ఇంకో సంగతి: ఈ చట్టం ఇక్కడ వ్యాపారి దగ్గర కొన్న వస్తువులకే వర్తిస్తుంది, హైదరాబాద్‌లో కొన్న ల్యాప్‌టాప్‌కు కాదు.

సాయం చేసే చేతులు కూడా ఉన్నాయి. చాలా ఊళ్ళలో రిపేర్ కఫేలు జరుగుతున్నాయి, అక్కడ వాలంటీర్లు మన పక్కనే కూర్చుని విప్పి చూపిస్తారు. ఫైబర్ విస్తరణ 2022 చివరికి పూర్తై జనాభాలో 87 శాతానికి అందుబాటులోకి వచ్చింది. కాబట్టి క్లౌడ్ బ్యాకప్ చాలా ఇళ్ళకు సాధ్యమే. వెల్లింగ్టన్‌లో 2006లో పుట్టిన జీరో (Xero) లాంటి అకౌంటింగ్ సేవలతో చిన్న వ్యాపారాల లెక్కలు డిస్క్ దాటి ఎప్పుడో బయటికి వెళ్ళాయి.

ఒకే ఇంట్లో రెండు నకళ్ళు చాలవని ఈ దేశం చేదుగా నేర్చుకుంది. 2011 ఫిబ్రవరి 22 భూకంపం తర్వాత క్రైస్ట్‌చర్చ్ నగర కేంద్రాన్ని మూసేస్తే, ఎన్నో వ్యాపారాల సర్వర్లు, డిస్క్‌లు అందరాని చోట ఉండిపోయాయి. 2023 జనవరి 27న ఆక్లాండ్ వరదలు, ఆ వెంటనే గాబ్రియేల్ తుపాను ఇళ్ళను ముంచెత్తాయి. మూడు ప్రతులు, రెండు రకాల నిల్వలు, ఒకటి వేరే చోట అన్న పాత సూత్రం ఇక్కడ అక్షరాలా పాటించదగ్గది. తడిసిన డిస్క్‌కు కరెంటు ఇవ్వకుండా నేరుగా రికవరీ నిపుణులకు అప్పగించాలి.

పాత డిస్క్‌ను ఎలా సాగనంపాలి

2009లో బయటపడిన సంగతి ఇది: ఫాంగరేకు చెందిన ఒకాయన అమెరికాలోని ఓక్లహోమాలో సెకండ్‌హ్యాండ్ ఎంపీ3 ప్లేయర్ కొన్నాడు. ఇంటికొచ్చి చూస్తే అందులో అమెరికా సైనికుల వివరాలున్న 60 ఫైళ్ళు కనిపించాయి. ఇది ఒక్కచోట జరిగిన పొరపాటు కాదు. సింసన్ గార్ఫింకెల్, అభి షెలాట్ అనే పరిశోధకులు 158 పాత డిస్క్‌లు కొని పరిశీలించి, ఫలితాలను 2003లో ప్రచురించారు. పనిచేసిన 129లో సరిగ్గా తుడిచినవి 12 మాత్రమే. ట్రేడ్ మీలో పాత ల్యాప్‌టాప్ అమ్మేవాళ్ళు ఈ లెక్క గుర్తుంచుకోవాలి.

క్విక్ ఫార్మాట్ కొడితే పోయేది విషయసూచికే, పుస్తకం అలాగే ఉంటుంది. తిరిగే హార్డ్ డిస్క్‌ను మొదటి నుంచి చివరి దాకా ఒకసారి సున్నాలతో నింపితే మామూలు అవసరాలకు చాలు. ఎస్‌ఎస్‌డీకి ఆ పద్ధతి నమ్మకం కాదు, తయారీదారు ఇచ్చే సెక్యూర్ ఎరేజ్ వాడాలి. పగలగొట్టాలనుకుంటే జాగ్రత్త. ల్యాప్‌టాప్ డిస్క్‌ల పళ్ళేలు చాలావరకు గాజువి, ముక్కలు కళ్ళలో పడతాయి.

ఎలక్ట్రానిక్ వస్తువులను ప్రభుత్వం 2020లో ప్రాధాన్య వస్తువులుగా ప్రకటించింది. వాటిని, ముఖ్యంగా లిథియం బ్యాటరీలను, ఇంటి చెత్తబుట్టలో వేయకుండా ఈ-వేస్ట్ కేంద్రాలకు చేర్చాలి. పాత బోర్డుల్లో విలువ ఉంది. ఆక్లాండ్‌లో పుట్టిన మింట్ ఇన్నోవేషన్ సూక్ష్మజీవుల సాయంతో వాటి నుంచి బంగారం రాబట్టే పద్ధతి తయారుచేసింది.

చివరికి తేలింది

అన్నీ కలిపి చూస్తే వరస ఇదీ: తాళంచెవి రాసుకోవాలి, ఫాంట్లు, పాస్‌వర్డులు తీసుకోవాలి, డిస్క్ ఆరోగ్యం చూడాలి, డబ్బాలో పెట్టి నకలు తీయాలి, నకలును తెరిచి చూసుకోవాలి, రెండో నకలు వేరే ఇంట్లో పెట్టాలి. కొన్ని నెలలు ఆగి, ఏదీ మిగిలిపోలేదని తేలాకే పాత డిస్క్‌ను తుడవాలి. విండోస్ ఉన్నదున్నట్టు తెచ్చుకోవాలన్న మొండిపట్టు వదిలేస్తే మిగతాదంతా ఒక వారాంతపు పని.

మన సంఘాలకు నా విన్నపం ఒకటి. న్యూజిలాండ్ జాతీయ గ్రంథాలయ చట్టం 2003 ప్రకారం ఇక్కడ ప్రచురించినవి, డిజిటల్ ప్రచురణలతో సహా, ప్రచురణకర్తలు జాతీయ గ్రంథాలయానికి జమ చేయాలి. ఆ గ్రంథాలయం డిజిటల్ వారసత్వ భాండాగారాన్ని 2008 నుంచి నడుపుతోంది. పూర్వ సంపాదకుల ల్యాప్‌టాప్‌లలో అను ఫాంట్లతో చిక్కుకున్న మన ఉగాది సంచికలను బయటికి తీసి, పీడీఎఫ్‌గా, యూనికోడ్‌గా మార్చి వెల్లింగ్టన్‌కు పంపడానికి ఒక శనివారం పెట్టుకోండి. ఫాంట్ల సంగతి తెలిసిన పాతతరం, డిస్క్ విప్పగలిగే కొత్తతరం ఒకే బల్ల దగ్గర కూర్చోవాల్సిన పని ఇది. ఆ డిస్క్‌లు తిరుగుతున్నంతకాలమే దీనికి వీలుంది. ఈ ఏడే మొదలుపెట్టండి.